ఓమ్ని డోర్ల కింద తుప్పు: పెయింట్ వేయించినా మళ్లీ పొంగుతోంది, ఏం చేయాలి?

పట్టుచీరల_ఓమ్ని
మాది బరంపురం. 2008 మారుతి ఓమ్ని వ్యాన్, చీరల మూటలు వేసుకుని ఇచ్ఛాపురం, పలాస, పర్లాకిమిడి తిరిగే బండి. 2023లో 15 ఏళ్లు నిండితే 5000 కట్టి రీ-రిజిస్ట్రేషన్ చేయించాం, అంటే 2028 దాకా ఇది నడవాలి. పోయినేడు దసరాకి ముందు స్లైడింగ్ డోర్ల కింది అంచులు, వెనక చక్రాల పైన రేకు, ఎక్కే మెట్టు దగ్గర తుప్పంతా గోకించి, పుట్టీ పెట్టించి, పెయింట్ వేయించాను. అడుగున నల్ల కోటింగ్ కూడా కొట్టారు. ఈ వానలు పూర్తిగా తగ్గకముందే సరిగ్గా అవే చోట్ల పెయింట్ బొబ్బలెక్కింది. మెట్టు దగ్గర వేలితో నొక్కితే లోపలికి పోయింది. షాపుకి తీసుకెళ్తే "సముద్రం గాలి సార్, ఎవరేం చేస్తారు" అన్నాడు. డబ్బులు తీసుకున్న రోజు మరి సముద్రం ఎక్కడికి పోయిందో! మళ్లీ గోకించాలా, రేకు కోయించాలా, అమ్మేయాలా?

ఊరికే_చూస్తుంటా
గోపాలపూర్‌కి 15 కిలోమీటర్లలో ఉంటూ కారు కొన్నవాళ్లు ఒక పడవ కూడా కొనుక్కోవాలి, తేడా ఏమీ ఉండదు.

రేకుల_మాస్టారు
ఇచ్ఛాపురంలో టింకరింగ్ చేస్తాను. బండి చూడకుండానే ఒకటి చెప్తాను, మీకు బయట కనిపించిన బొబ్బ తుప్పుకి మొదలు కాదు, చివర. డోర్ పై రేకుని లోపలి రేకు మీదకి మడిచి నొక్కుతారు, ఆ మడతలోకి నీళ్లు పాకితే బయటికి రావు. లోపల తిని తిని, రేకు పలచబడ్డాక పెయింట్ పొంగుతుంది. అప్పుడు మనం బయట గ్రైండర్ పెట్టి తళతళలాడించి పుట్టీ రాస్తాం. లోపల చీము ఉంచి పైన తోలు కుట్టినట్టే అది. ఇంకో సంగతి, పుట్టీ పెట్టాక వాటర్ పేపర్‌తో నీళ్లు పోసి రుద్దుతారు చూశారా, అన్ని షాపుల్లోనూ అదే అలవాటు. పుట్టీ తడిని పీల్చుకుంటుంది. అది పూర్తిగా ఆరకుండా ప్రైమర్ కొడితే ఆ తడి రేకుకీ పెయింట్‌కీ మధ్యన చిక్కుకుపోతుంది. పుట్టీని పొడిగానే రుద్దాలి. దుమ్ము లేస్తుందని ఎవరూ రుద్దరు.

ముందు ఈ పని చేయండి. డోర్ లోపలి అట్ట ఊడదీసి టార్చి వేసి అడుగు చూడండి. డోర్ కింది అంచులో నీళ్లు పోవడానికి చిన్న చిన్న చిల్లులుంటాయి, అవి తెరిచి ఉన్నాయో లేదో చెప్పండి.

బల్లార్షా_బొగ్గు
అన్నీ సముద్రం మీదకి తోసేయకండి. మా బల్లార్షాలో సముద్రం ఎక్కడుంది? ఎండాకాలం 46 డిగ్రీలు కాస్తుంది. అయినా మా మారుతి 800కి మడ్‌గార్డు, డోర్ కలిసే మూల చిల్లు పడింది. మెకానిక్ మడ్‌గార్డు విప్పితే లోపల బొగ్గు పొడి, నల్లరేగడి మట్టి గట్టిగా అట్ట కట్టేసి ఉంది. బయట ఎండిపోతుంది కానీ ఆ మట్టి లోపల ఎప్పుడూ తడే. కారు కడగడమంటే పైన కడగడం అనుకుంటాం, చక్రం గూట్లోకి చెయ్యి పెట్టి ఎవరు తోముతారు చెప్పండి.

పర్లాకిమిడి_ల్యాబ్
కెమిస్ట్రీ చెప్పేవాణ్ని, కాస్త ఓపిక పట్టండి. తుప్పుకి ఇనుము, గాలిలోని ఆక్సిజన్, నీరు చాలు. ఉప్పు ఉంటే ఆ నీటిలో కరెంటు సులువుగా పారుతుంది, పని వేగం అవుతుంది. అసలు చిక్కు ఇంకోటి ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు దానంతట అదే గాలిలోంచి నీరు లాక్కుని కరుగుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ అయితే అంతకంటే చాలా తక్కువ తేమకే తడిసిపోతుంది. బరంపురం, గోపాలపూర్ వైపు రాత్రిళ్లు తేమ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అంటే వాన పడకపోయినా, కారు షెడ్డులో ఉన్నా, మడతల్లో చేరిన ఉప్పు మట్టి రోజూ రాత్రి తడుస్తూనే ఉంటుంది. షాపువాడు సముద్రం గాలి అన్నది అబద్ధం కాదు. కానీ ఆ మాట పని మొదలెట్టే ముందు చెప్పి దానికి తగ్గట్టు చేయాలి.

ఇంకొకటి, తుప్పు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే అతికిన రెండు రేకుల మధ్య పుడితే వాటిని విడదీసేస్తుంది, సీలెంట్ పగిలిపోతుంది, ఇంకా నీళ్లు వెళ్తాయి.

జయపురం_జీపు
ఇంత చదువు ఎందుకు మాస్టారూ. మా నాన్నగారి కాలం నుంచి జీపుకి వానాకాలం ముందు వాడేసిన ఇంజన్ ఆయిల్ కింద అంతా కొట్టిస్తాం. జయపురంలో వానలు మామూలుగా పడవు, ఘాట్ రోడ్డులో బురద. జీపు ఇప్పటికీ ఉంది. ఖర్చు సున్నా.

పట్టుచీరల_ఓమ్ని
అన్నా, మీ జీపులో పట్టుచీరలు ఎక్కవు. మా ఓమ్నిలో ఆయిల్ వాసన వస్తే పెళ్లివాళ్లు మూట విప్పకుండానే వెనక్కి పంపేస్తారు.

రేకుల_మాస్టారు
@జయపురం_జీపు మీ జీపు రేకు మందం, దాని కింద విడిగా ఉండే చాసిస్ (ఇనుప చట్రం) వేరు. పాత ఆయిల్ రేకుకి కొంత కాపు కాస్తుంది, కాదనను. కానీ అందులో ఇంజన్ కాల్చిన మసి, ఆమ్లం ఉంటాయి, రబ్బరు బుష్‌లు ఉబ్బిపోతాయి, దుమ్మంతా అతుక్కుంటుంది, నేల మీద కారుతుంది. రేపు అక్కడ వెల్డింగ్ పెట్టాలంటే మంట. సర్వీసింగ్‌లో నీళ్లు కొట్టాక డీజిల్ స్ప్రే చేస్తారే, అదీ అంతే, మెరుపు నాలుగు రోజులు.

జయపురం_జీపు
వెల్డింగ్ చేసేవాడు రేకు కోయమనే చెప్తాడు, ఆయిల్ కొట్టమని ఎందుకు చెప్తాడు 😀

రేకుల_మాస్టారు
తిట్టండి పర్లేదు. కానీ ఓమ్నికి కోయమని నేనింకా అనలేదు.

రాయగడ_బొలేరో
ఆయన నల్ల కోటింగ్ అన్నారు కదా, దాని గురించి ఎవరూ మాట్లాడరేం? మాది బొలేరో. కొన్నప్పుడు కొత్త రేకు మీద వేయించింది బాగానే ఉంది. తర్వాత మా బావమరిది పాత సుమోకి ఆల్రెడీ తుప్పు ఉండగా పైన కొట్టించాడు. బయటికి నున్నగా, నల్లగా ఉంది, రెండేళ్లకి జాకీ పెడితే జాకీ పైకి వెళ్లింది, బండి వెళ్లలేదు. కోటింగ్ పగిలిన చోట నీళ్లు దూరి దాని వెనకే ఉండిపోతాయి. పైనుంచి కనిపించదు కాబట్టి ఇంకా ప్రమాదం.

ఊరికే_చూస్తుంటా
"జాకీ వెళ్లింది, బండి వెళ్లలేదు" 😂😂 మీ బావమరిదికి నా సానుభూతి

చేపల_ఏస్
మీరంతా కార్ల వాళ్లు. సోనపూర్ నుంచి రొయ్యలు, చేపలు బరంపురం మార్కెట్‌కి వేసే టాటా ఏస్ చిన్న ట్రక్కు నాది. ఐసు కరిగి ఉప్పునీళ్లు రోజూ తొట్టి అంచుల్లోంచి కారతాయి. నా తర్వాత ఇలాంటి బండే కొన్నవాడికి అప్పుడే తొట్టి అడుగు మార్చాల్సి వచ్చింది, నాది ఇంకా ఉంది. తేడా ఒక్కటే, లోపల మందం ప్లాస్టిక్ షీటు, చేపలు ట్రేల్లో, రాత్రి దించగానే బోరు నీళ్లు కాదు మున్సిపాలిటీ నీళ్లతో కడుగుతాను. మా బోరు ఉప్పగా ఉంటుంది, దాంతో కడిగితే కడగకపోవడమే నయం. ఇది ఎవరూ గమనించరు.

పర్లాకిమిడి_ల్యాబ్
@చేపల_ఏస్ బోరు నీళ్ల మాట నిజం, తీరం వెంట చాలాచోట్ల అంతే. కవర్ సంగతి కూడా చెప్పాలి. తడి కారు మీద గాలి ఆడని ప్లాస్టిక్ కవర్ కప్పితే రాత్రంతా లోపల ఆవిరి. కప్పకపోవడమే మంచిది.

అమ్మేయ్_గురూ
నాకు అర్థం కాదు, ఓమ్ని తయారీ 2019లోనే ఆపేశారు, 2008 బండి మీద ఇంత చర్చ. స్క్రాప్‌కి ఇచ్చేసి ఏదైనా కొత్తది తీసుకోండి.

పట్టుచీరల_ఓమ్ని
కొత్తదానికి ఈఎంఐ మీరు కడతానంటే రేపే వెళ్తాను.

బల్లార్షా_బొగ్గు
ఆన్‌లైన్‌లో ఒక చిన్న డబ్బా అమ్ముతున్నారు, బ్యాటరీకి తగిలిస్తే కరెంటు పంపి తుప్పు రాకుండా ఆపుతుందట. ఎవరైనా వాడారా? ఓడలకి అలాంటివే పెడతారు అంటున్నాడు అమ్మేవాడు.

పర్లాకిమిడి_ల్యాబ్
ఓడ నీళ్లలో మునిగి ఉంటుంది. తుప్పు ఆపడానికి ఓడకి తగిలించే జింకు ముక్క కానీ కరెంటు కానీ పని చేయాలంటే అది, ఇనుము రెండూ ఒకే నీటిలో కలిసి ఉండాలి. భూమిలో పాతిన పైపులకైనా తడి మట్టి ఉంటుంది. గాలిలో తిరిగే కారుకి డోర్ అంచున ఒక చుక్క, మెట్టులో ఇంకో చుక్క, వాటి మధ్య దారే లేదు. డబ్బాకి ఎర్ర లైటు వెలుగుతుంది, అంతే. ఆ డబ్బుకి బిర్యానీ తినండి.

పట్టుచీరల_ఓమ్ని
మాస్టారు చెప్పినట్టు అట్ట ఊడదీశాను. తమ్ముడి దగ్గర ఫోన్‌కి తగిలించే చిన్న పాము కెమెరా ఉంది, డ్రైనేజీ పైపుల్లోకి పెట్టేది, దాన్ని కూడా దూర్చాను. చూసి మతిపోయింది. డోర్ కింది చిల్లులన్నీ ఆ నల్ల కోటింగ్‌తో మూసేసి ఉన్నాయి! స్క్రూడ్రైవర్‌తో పొడవగానే గ్లాసెడు నీళ్లు కారాయి, ఎర్రగా. రెండో డోర్‌లోనూ అంతే. డోర్ జారే పట్టాలో మట్టి గట్టిపడింది. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం గుడ్డ చుట్టి పెట్టి చూశాను, వెనక చక్రం పైన అరచేయంత మేర అస్సలు పట్టుకోలేదు, అంటే అదంతా పుట్టీయే. మెట్టు లోపలి పెట్టెలో పొరలు పొరలుగా ఊడుతోంది.

రేకుల_మాస్టారు
అనుకున్నాను. నీళ్లు పోయే దారి మూసి, లోపల ఉప్పునీళ్లు ఊరబెట్టి, ఏడాది తర్వాత సముద్రం గాలి అంటున్నాడు. చాలా బాగుంది.

ఇప్పుడు రెండు రకాలుగా విడదీయండి. ఒకటి, గట్టి స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే దిగనిది, పైపైన తుప్పు. దాన్ని వైరు బ్రష్‌తో పొలుసులన్నీ పోయేదాకా తోమి, కన్వర్టర్ (తుప్పుని వేరే పదార్థంగా మార్చే మందు) రాసి, ఆరాక టూ-ప్యాక్ ఎపాక్సీ ప్రైమర్, అంటే రెండు డబ్బాలవి కలిపి కొట్టేది. ప్రైమర్ పైనే పుట్టీ, అదీ పలచగా. రెడ్ ఆక్సైడ్ ఒక్కటి కొట్టి వదిలేయొద్దు, అది తడిని ఆపదు. రెండు, మొన దిగిపోయేది. అక్కడ కన్వర్టర్, ఫైబర్, పుట్టీ ఏవీ పని చేయవు, బాగున్న రేకు తగిలేదాకా కోసి కొత్త రేకు వేయాలి. మీ మెట్టు రెండో రకం. జయపురం అన్నగారు ఏమన్నా సరే ఇప్పుడు కోయమనే అంటాను. ఓమ్నికి విడిగా చాసిస్ లేదు, బలమంతా ఆ పెట్టె రేకుల్లోనే. సీటు బెల్టు బిగించిన చోటు, సస్పెన్షన్ బిగించిన చోటు కూడా పొడిచి చూడండి, అవి పోతే డోర్ అందం గురించి తర్వాత మాట్లాడుకుందాం.

జయపురం_జీపు
ఏమీ అనను. వేలు దూరింది అంటే కోయాల్సిందే.

పర్లాకిమిడి_ల్యాబ్
కన్వర్టర్ గురించి ఒక మాట. ఎక్కువగా దొరికేవి ఫాస్ఫారిక్ ఆమ్లంవి, తుప్పుని ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తాయి. కొన్నింటిలో టానిన్ ఉంటుంది, రాయగానే నీలం నలుపు అవుతుంది. పట్టుచీరలవారికి ఇది తెలిసిన రసాయనమే, కలంకారీలో కరక్కాయ పూత మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లు తగిలితే వచ్చే నలుపు ఇదే. ఏదైనా తగిలిన చోటే పని చేస్తుంది. మందంగా పొలుసు ఉంటే పై పొర నల్లబడుతుంది, కింద తుప్పు అలాగే ఉంటుంది. ఆమ్లం మిగిలిపోతే ఎపాక్సీ సరిగ్గా అంటదు, డబ్బా మీద ఎలా రాసుంటే అలా కడిగి బాగా ఆరబెట్టండి. గ్లవ్స్, కళ్లద్దాలు మర్చిపోకండి.

సోంపేట_కొబ్బరి
వెల్డింగ్ మీద నా అనుభవం. 2018 అక్టోబర్‌లో టిట్లీ తుపాను వచ్చినప్పుడు మా ఎస్టీమ్ కారు రెండు రోజులు నీళ్లలో ఉంది, పైన కొబ్బరి చెట్టు కూడా పడింది, అది వేరే కథ. అడుగు రేకు మార్పించాం, గ్యాస్ వెల్డింగ్‌తో. బయట శుభ్రంగా పెయింట్ వేశారు, అతుకు లోపలి వైపు ఎవరూ చూడలేదు. వేడికి లోపల ఉన్న పెయింటంతా కాలిపోతుంది కదా, అతుకు వెంబడి గీత గీసినట్టు మళ్లీ అక్కడే తినేసింది. రెండోసారి సీఓటూ వెల్డింగ్ ఉన్నచోట చేయించాం, చిన్న చిన్న టాకాలు వేస్తే వేడి అంత పాకదు. అతుకు పెట్టే అంచులకి ముందే జింకు ప్రైమర్ రాయించాం, అయ్యాక లోపల వ్యాక్స్.

రేకుల_మాస్టారు
కరెక్టు. బ్యాటరీ వైరు తీశాకే వెల్డింగ్. ఎల్‌పీజీ కిట్ ఉన్న ఓమ్ని అయితే సిలిండర్ దించకుండా ఎవరినీ వెల్డింగ్ టార్చి పట్టనివ్వకండి.

పట్టుచీరల_ఓమ్ని
కిట్ లేదు, పెట్రోలే. ఆ వ్యాక్స్ అంటే ఏంటి? కొవ్వొత్తి కరిగించి పోసేదా?

సోంపేట_కొబ్బరి
కొవ్వొత్తి మైనం చల్లారాక పగులుతుంది, సందుల్లోకి పాకదు. ఇది క్యావిటీ వ్యాక్స్ అని స్ప్రే డబ్బాల్లో వస్తుంది, పొడవాటి ట్యూబు, చివర అన్ని వైపులా చిమ్మే నాజిల్. పల్చగా వెళ్లి మడతల్లోకి పాకి, తర్వాత చిక్కబడి మెత్తగానే ఉంటుంది. లానోలిన్‌వి కూడా ఉన్నాయి, గొర్రె బొచ్చు కొవ్వు. మెట్టు పెట్టెకి ఉండే రబ్బరు బిళ్లలు తీసి అందులోంచి ట్యూబు చివరిదాకా తోసి, వెనక్కి లాగుతూ నొక్కాలి. మొదటి రెండు రోజులు వాసన ఉంటుంది, చీరలు ఎక్కించొద్దు.

రాయగడ_బొలేరో
రెండు జాగ్రత్తలు. సీటు బెల్టు చుట్టుకునే రీలు ఉన్న పిల్లర్‌లోకి వ్యాక్స్ చిమ్మొద్దు, బెల్టు తిరగదు. కొట్టాక కింది చిల్లుల్లో తీగ పెట్టి మళ్లీ తెరవండి, లేకపోతే నల్ల కోటింగ్ వాడికీ మీకూ తేడా ఏముంది.

స్ప్లెండర్_సంతోష్
నా బైకు సైలెన్సర్ కింద తుప్పు వస్తోంది, దానికి కూడా ఈ వ్యాక్స్ కొట్టొచ్చా?

ఊరికే_చూస్తుంటా
కొట్టి స్టార్ట్ చేయి తమ్ముడూ, వీధంతా సాంబ్రాణి వేసినట్టు ఉంటుంది.

రేకుల_మాస్టారు
@స్ప్లెండర్_సంతోష్ వేడి భాగాలకి వద్దు. వేడి తట్టుకునే సైలెన్సర్ పెయింట్ విడిగా దొరుకుతుంది.

బల్లార్షా_బొగ్గు
ఓమ్నికి పైన వాన నీళ్లు పారే గట్టు, ముందు అద్దం రబ్బరు కింద కూడా చూడమనండి. మా ఫ్రెండ్ ఓమ్నికి అద్దం రబ్బరు గట్టిపడి, దాని కింద ఫ్రేమ్ పోయింది. అద్దం తీస్తేగానీ తెలియలేదు. కాళ్ల దగ్గర మ్యాట్ తడిగా ఉంటే మొదటి అనుమానం అదే.

పట్టుచీరల_ఓమ్ని
డ్రైవర్ వైపు మ్యాట్ కింద ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, ఏసీ నీళ్లు అనుకునేవాళ్లం.

అమ్మేయ్_గురూ
ఓమ్నిలో ఏసీయా?

పట్టుచీరల_ఓమ్ని
అదే, లేదు 🙏 నాన్నగారు అలా అనేవారు, మేమూ అనేశాం.

రేకుల_మాస్టారు
ఇప్పుడు వరుస చెప్తాను. మెట్టు రెండు వైపులా, అద్దం ఫ్రేమ్ ఈ నెలే చూడాలి, ఆగకూడదు. డోర్లకి చిల్లులు తెరిచేశారు కాబట్టి అవి కొంత ఆగుతాయి. వ్యాక్స్ మాత్రం ఇప్పుడు వద్దు. అక్టోబర్, నవంబర్ మనకి తుపాన్ల కాలం, లోపల తడి ఉండగా కొడితే తడిని లోపల పెట్టి తాళం వేసినట్టవుతుంది. సంక్రాంతి దాటాక బండి నాలుగైదు రోజులు ఎండలో డోర్లు తీసి పెట్టి, బిళ్లలన్నీ ఊడదీసి, అప్పుడు కొట్టండి. డోర్ పై రేకు పూర్తిగా పోయి ఉంటే అతుకులు వేసేకంటే పాత సామాన్ల షాపులో మంచి డోర్ దొరుకుతుందేమో చూడండి, మనిషి కూలీ కంటే చవక.

జయపురం_జీపు
పాత డోర్ కొంటే దాని మడత కూడా కెమెరాతో చూసే కొనండి. అవతలివాడి తుప్పు డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకోవడం ఎందుకు. విశాఖ వైపు నుంచి వచ్చే డోర్లు కూడా సముద్రం పక్కవే, రాయగడ, కోరాపుట్ వైపు వెతకండి.

రాయగడ_బొలేరో
మా ఊళ్లో పాత సామాన్ల దగ్గర ఒక ఓమ్ని బాడీ పడి ఉంది, ఎడమ డోర్ బానే ఉన్నట్టుంది. రేపు వెళ్లి అయస్కాంతం పెట్టి చూసి ఫోటో పెడతాను. రంగు మాత్రం ఆకుపచ్చ.

పట్టుచీరల_ఓమ్ని
రంగు ఏదైనా పర్లేదు, రేకు ఉంటే చాలు. @రేకుల_మాస్టారు సోమవారం ఇచ్ఛాపురం సరుకు దించాలి, బండి అక్కడే వదిలేస్తాను. కొత్త రేకు వేసే ముందు కోసిన రేకు నాకు చూపించండి, అతుకు లోపలి వైపు కెమెరా నేనే పెడతాను.

రేకుల_మాస్టారు
పెట్టుకోండి. సీటు కింద సామాన్లు తీసేసి, పెట్రోల్ తక్కువ పోయించుకుని రండి.

జయపురం_జీపు
పని అయ్యాక ఆ కెమెరా ఎవరైనా ఇటు వచ్చేవాళ్లతో పంపు తమ్ముడూ. జీపు చాసిస్ లోపల ఒకసారి చూద్దామని ఉంది. ఆయిల్ మీద నమ్మకం లేక కాదు.

ఊరికే_చూస్తుంటా
లేదు లేదు, అస్సలు కాదు 😂